మంచిగైతది

నారాయణప్ప పోయిన రోజు, ఆస్పత్రి వరండాలో ఆయన కొడుకు నవీన్ తన భార్య ఉమాశ్రీని అడిగింది ఒకే ఒక్క మాట.

"బాగుందని చెప్పినావంట గదా నాయనకు?"

స్కానింగ్ చేసేటప్పుడు ఉమాశ్రీ చేతికి అంటిన జెల్ అట్టకట్టి ఉంది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డాక్టరు కోటు జేబులో దాచుకుంది.

ఆ ప్రశ్న ఆస్పత్రిలో ఆగిపోలేదు. వాళ్ళతోపాటే కారెక్కింది. సొంతూరు నంద్యాలకు వెళ్ళింది, దినాలు అయ్యేదాకా అక్కడే ఉంది, మళ్ళీ వాళ్ళతోపాటే కొండాపూర్‌లోని ఇంటికి తిరిగివచ్చింది. ఇప్పుడు ఇంట్లో ముగ్గురు మనుషులూ, ఆ ప్రశ్నా ఉంటున్నారు.

ఆదివారం పొద్దున నవీన్ హాల్లోకి వచ్చి వంటింటి వైపు చూసి అడిగాడు.

"అమ్మా, కారు తాళం యాడుందో కనుక్కో."

శారదమ్మ గిన్నెలోంచి తల ఎత్తింది.

"ఎవర్ని కనుక్కునేది? ఆ పాప, నీ పెండ్లాం, నీకు రెండడుగుల దూరంలో కూర్చోనుంది. నేనేమన్నా ఫోను టవరునా, మీ ఇద్దరి మాటలు మోసేదానికి?"

"టీవీ కింద సొరుగుల ఉన్నది," అంది ఉమాశ్రీ.

నవీన్ సొరుగు తెరిచాడు. తాళం తీసుకున్నాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"నవీన్, మా శివశంకర్ సార్ పదకొండింటికి ఆస్పత్రికి రమ్మన్నడు. ఆదివారమైనా నీకోసమే వస్తున్నడు."

"ఎందుకు?"

"టూడీ ఎకో కోసం, అదే గుండె స్కానింగ్. పోయిన వారమే చెప్పిన కదా."

"నాకేమీ లేదు."

"మామయ్యకు గూడ ఏమీ లేకుండె."

కింద కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్ల రొద వినిపిస్తోంది.

ఉమాశ్రీ గొంతు తగ్గించింది. రోగుల బంధువులకు చెప్పే గొంతు కాదు అది. అలా వినిపించకూడదని జాగ్రత్త పడుతున్న గొంతు.

"గుండెల నుంచి పెద్ద నాళం మొదలయ్యే కాడ ఒక కవాటం ఉంటది. దానికి మూడు రెక్కలుండాలె. మామయ్యకు రెండే ఉండె. పుట్టుకతోనే. అట్లున్నోళ్ళకు ఆ నాళం ఏళ్ళకేళ్ళు మెల్లగ ఉబ్బుతది, ఒక్కోసారి చీలిపోతది. పిల్లలల్ల గూడ కొందరికి వస్తది. ముందే తెలిస్తే ఏం ఫికర్ లేదు. మందులతోని కాపాడొచ్చు, అవసరమైతే ఆపరేషన్ చేస్తరు. నీ చెల్లె ప్రియాంక నిన్ననే చేయించుకున్నది. ఆమెకు ఏం లేదు. ఇగ నువ్వొక్కనివే మిగిలినవ్."

"నాకు ఆ మిషన్ మీద నమ్మకం లేదు."

"మిషన్ మీదనా, నా మీదనా?"

నవీన్ తాళంచెవిని వేలికి తగిలించుకుని కాసేపు తిప్పాడు.

"నువ్వు బాగుందని చెప్పకుంటే నేను అమ్మను తెచ్చేదానికి నాయన్ను విడిచిపెట్టి పోయుండేవాణ్ణి కాదు. ఆయన చెయ్యి పట్టుకొని ఉండేవాణ్ణి. అంతే. నాకు వేరే ఏమీ తెలీదు."

బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

*

ఆ రోజు నారాయణప్ప బొటానికల్ గార్డెన్‌లో నడిచి వచ్చి, బూట్లు విప్పుకోవడానికి వంగాడు. వీపులో, రెండు భుజాల మధ్య ఎవరో పట్టి చీల్చినట్టయిందని చెప్పాడు. నవీన్ కారులో ఉమాశ్రీ పనిచేసే ఆస్పత్రికే తీసుకొచ్చాడు. ఈసీజీలో గుండెపోటు జాడ లేదు. రెండు చేతుల్లో బీపీ మాత్రం రెండు రకాలుగా ఉంది. డ్యూటీ డాక్టరుకు అది చూసి అనుమానం వచ్చింది. పైన ఎకో గదిలో ఉన్న ఉమాశ్రీకి ఫోన్ చేశాడు.

ఆమె చిన్న మిషన్ను తోసుకుంటూ కిందికి వచ్చింది.

"ఏం పాపా, నువ్వే వచ్చినావా?" అన్నాడు నారాయణప్ప. నొప్పితో పెదవి బిగబట్టి కూడా నవ్వబోయాడు. బేతంచర్ల నాపరాళ్ళ వ్యాపారంలో జీవితం గడిపిన మనిషి. ఏ రాయినైనా వేలి కణుపుతో తట్టి, లోపల పగులుందో లేదో వినేవాడు. "ఇది గూడా రాయిని తట్టి చూసినట్టేనా?"

"గట్లాంటిదే మామయ్యా. చప్పుడు లోపలికి పంపుతది. తిరిగొచ్చిన చప్పుడును బొమ్మ చేసి చూపిస్తది."

"మరి పగులుంటే తెలుస్తాదా?"

"తెలుస్తది."

తెలిసింది.

రొమ్ము ఎముక ఎడమ అంచున మిషన్ ప్రోబ్ ఆనించగానే కనిపించింది. గుండె నుంచి పైకి లేచే పెద్ద నాళం మొదట్లోనే ఉబ్బి ఉంది. దాని లోపల సన్నని పొర ఒకటి, గుండె కొట్టుకున్నప్పుడల్లా అటూ ఇటూ ఊగుతోంది. ఆరోగ్యంగా ఉన్న నాళంలో అలాంటి పొర ఉండదు. లోపలి గోడ చీలి, ఆ చీలికలోకి రక్తం దారి చేసుకుంటేనే అది కనిపిస్తుంది. మెడ కింది గుంటలో ప్రోబ్ పెట్టి చూసింది. పొర పైవంపు దాకా పోయింది. రొమ్ము ఎముక కిందినుంచి చూసింది. గుండె చుట్టూ నల్లని సన్నగీత. అక్కడ రక్తం ఊరడం మొదలైంది.

ఇవన్నీ చూడడానికి ఎక్కువసేపు పట్టలేదు. చూస్తున్నంతసేపూ ఆయన తెరను కాదు, ఆమె ముఖాన్ని చూస్తున్నాడు. తన జూనియర్లకు ఆమె మొదట నేర్పేది ఆ విషయమే. మనం తెరను చూస్తాం, రోగి మనల్ని చూస్తాడు.

"ఏమంటాంది పాపా రాయి?"

ఆమె తెరను తన వైపు తిప్పుకుంది.

"మంచిగైతది మామయ్యా."

డాక్టరుగా అన్న మాట కాదది. కొత్తగూడలో పుట్టి పెరిగిన పిల్ల, జ్వరమొచ్చిన ఇంటి మనిషి నుదుటి మీద చెయ్యేసి అనే మాట.

ఆ వెంటనే డ్యూటీ డాక్టరును పక్కకు పిలిచి, రక్తం పలచబడే మందులేవీ ఇవ్వవద్దని చెప్పింది. బీపీ చూసుకుంటూ ఉండమంది. సర్జన్‌కు ఫోన్ చేయడానికి వరండా చివరకు వెళ్ళింది. ఫోన్‌లో ఉండగానే నవీన్ లోపలికి వెళ్ళడం చూసింది. కొద్దిసేపటికే బయటకు వచ్చి లిఫ్టు వైపు గబగబా నడిచాడు. ఆమెను చూసి చెయ్యి ఎత్తాడు. అతనికి అంతా తెలిసే వెళ్తున్నాడనుకుని ఆమె కూడా చెయ్యి ఎత్తింది.

ఆపరేషన్ గది సిద్ధమయ్యేలోపే నారాయణప్ప పోయాడు.

*

ఉమాశ్రీ మళ్ళీ పనిలో చేరింది. చీకటి గదిలో, ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకున్న మనుషులు రోజంతా ఒకే ప్రశ్న అడుగుతారు. మంచిగుందా మేడమ్? ఇదివరకు ఏదో ఒకటి చెప్పేది. ఇప్పుడు "రిపోర్టుల రాస్త" అంటోంది. వాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుని లేచి, కాగితంతో జెల్ తుడుచుకుని వెళ్ళిపోతున్నారు.

ఆమె తండ్రి బాలనర్సయ్య రోజూ ఫోన్ చేస్తాడు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న నాయినా."

ఆ మాటతోనే ఫోన్ పెట్టేస్తారు.

ఈ ఇంట్లో ఆమె డ్యూటీ నుంచి రాగానే "తిన్యావా పాపా?" అని అడిగింది నారాయణప్ప ఒక్కడే. పోయింది నవీన్ తండ్రి, శారదమ్మ భర్త. పరామర్శకు వచ్చినవాళ్ళంతా వాళ్ళిద్దరి దగ్గరే కూర్చున్నారు. కోడలు టీ కప్పులు అందించింది. ఆమె కూడా ఒక మనిషిని పోగొట్టుకుందని ఎవరికీ తోచలేదు. తోచలేదని ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు.

*

బాల్కనీ తలుపు మూసే ఉంది. ఉమాశ్రీ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

శారదమ్మ నేల మీద పీట వేసుకుని, నానిన అనపగింజలు పితుకుతోంది. ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు గిన్నెలోకి జారుతోంది, తొక్క వేళ్ళకు మిగులుతోంది. ఉమాశ్రీ ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తీసుకుంది.

"మెత్తగా నొక్కు. అట్ల పిసికితే పప్పు చితుకుతాది," అంది శారదమ్మ. "గుండెలు పట్టి చూసేదానివి, అనపగింజ పట్టుకునేది రాదా?"

ఉమాశ్రీ కొంచెం నవ్వింది. ఇంట్లో నవ్వి చాలా రోజులైంది.

కాసేపు ఇద్దరూ గింజలు పితికారు.

"ఉమా, నిన్నొకటి అడుగుతా. మీ మామ అడిగినప్పుడు నువ్వేమన్యావు? వాడు చెప్పేది కాదు నాకు కావాల్సింది. నీ నోటితో ఏమన్యావో అది చెప్పు."

"మంచిగైతది అన్న, అత్తమ్మా."

"మంచిగుంది అనలా?"

"అనలేదు."

"అయితాది," అంది శారదమ్మ, ఆ మాటను తన యాసలోకి మార్చుకుని. "అంటే, ఇంకా కాలేదని."

"అవును."

"ఆయప్పకూ అట్లే అర్థమయింది."

ఉమాశ్రీ వేళ్ళు ఆగిపోయాయి.

శారదమ్మ మాత్రం చేతి పని ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"నాకు ఫోను చేసినాడు. నేను ప్రగతి నగర్‌లో మా చెల్లెలింట్లో ఉన్యా గదా. 'శారదా, పాప మొగం చూసినా. మంచిగైతాదంటాంది. చెప్పలేక చెప్తాంది బిడ్డ. నాకు నిన్ను చూడాలనుంది. నవీన్‌ను పంపిస్తాండా, వానితో పాప బాగుందనిందని చెప్పినా. నువ్వు గూడా వానికి ఏమీ చెప్పాకు. వాడు బండి నడపాల. బిరీన రా' అన్యాడు."

ఉమాశ్రీకి వరండా గుర్తొచ్చింది. ఎత్తిన రెండు చేతులు గుర్తొచ్చాయి.

"మామయ్యకు తెలుసా?"

"తెలుసు."

"మీకు గూడ తెలుసు."

"నాకు గూడా తెలుసు." శారదమ్మ గిన్నెను కొంచెం పక్కకు జరిపింది. "కారెక్కినాను. వాడు నా మొగం చూసి, ఏమ్మా అట్లున్యావు అన్యాడు. మీ చిన్నమ్మ చింతకాయ తొక్కు తినిపించిందిరా, నాలుక పీక్కపోతాందని చెప్పినా. దాంట్లో అది ఉప్పెంత పోసిందో చెప్పి వాణ్ణి నగించినా. దావలో బండ్లు నిల్చిపోయినాయి. అప్పుడు గూడా ఏదో ఒకటి చెప్పి నగించినా. వాడు నగతాండంగానే మీ ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది."

బయట బాల్కనీలో నవీన్ కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"నవీన్‌కు ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"ఏమని చెప్పేది? మీ నాయన నిన్ను కావాలనే పంపించినాడు, మీ యమ్మ తెలిసి గూడా నిన్ను నగించింది అనా?" మొదటిసారి ఆమె వేళ్ళ మధ్య పప్పు చితికింది. "నిన్న గూడా అన్యాడు నాతో, 'ఆ దావలో మనం ఎంత నగుకున్యామో గదమ్మా, నాయన అప్పటికి బతికే ఉన్యాడు' అని. వానికి ఆ నగువొక్కటే మిగిలింది. అది గూడా ఉత్తదేనని తెలిస్తే, రేపట్నించి వాడు నా మొగం ఎట్ల చూస్తాడు?"

మరి నా ముఖం అని ఉమాశ్రీ అడగలేదు.

అడగని ఆ మాట శారదమ్మకు వినిపించినట్టే ఉంది.

"నీకు అన్యాయం చేస్తాండాను. తెలుసు నాకు. నువ్వు చదువుకున్నదానివి, గట్టిదానివి, ఓర్చుకుంటావని చేస్తాండాను. వానికి మాత్రం చెప్పాకు, ఉమా."

చదువుకున్నవాళ్ళూ గట్టివాళ్ళూ ఎంతవరకు ఓర్చుకోగలరో ఉమాశ్రీకి తెలియదు. ఎవరైనా చెబితే వినాలని ఉంది.

"సరే అత్తమ్మా," అంది.

గుప్పిట్లో మిగిలిన గింజలను తిరిగి గిన్నెలో వేసి లేచి, హాల్లోకి వచ్చి కూర్చుంది.

*

నవీన్ బాల్కనీ తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుర్చీ లాక్కుని, చాలా రోజుల తర్వాత భార్యకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతా. నిజం చెప్పు. చెప్తే, నువ్వు పొమ్మన్న చోటికి వస్తా. ఇప్పుడే వస్తా."

"అడుగు."

"ఆ పొద్దు నాయనతో బాగుందని అన్నావా, లేదా?"

వంటింట్లో గింజల చప్పుడు ఆగింది.

లేదని చెప్పడం తేలిక. చెబితే, మరి నాయన అబద్ధం చెప్పినాడా అంటాడు. ఎందుకు చెప్పినాడంటాడు. ఆ ప్రశ్నను పట్టుకుని తిన్నగా వంటింట్లోకి నడుస్తాడు. అక్కడ పీట మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

ఉమాశ్రీ అతని చేతులవైపు చూసింది. పొడుగాటి వేళ్ళు. తండ్రి వేళ్ళే. లోపల ఇంకేమేం తండ్రివి వచ్చాయో పైనుంచి చూస్తే తెలియదు. ఆస్పత్రిలో పరీక్ష బల్ల ఖాళీగా ఉంది. శివశంకర్ సార్ బయలుదేరే ఉంటాడు. ఈ మనిషి ఒక్కసారి ఆ బల్ల మీద పడుకుంటే చాలు.

"బాగుందనే అన్న," అంది.

నవీన్ తల ఆడించాడు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నవాడిలా, అది వచ్చాక ఏం చేయాలో తెలియనివాడిలా కూర్చున్నాడు.

"తెలిసి అన్నావా, తెలీక అన్నావా?"

ఈ రెండో ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. తెలియక అన్నానంటే డాక్టరుగా తన చూపు తప్పవుతుంది. అప్పుడు ఈ పరీక్షకే విలువ ఉండదు.

"తెలిసే అన్న. బొమ్మల అంతా సాఫ్‌గ కనిపించింది."

"కనిపించినా బాగుందన్నావు."

"ఆయన భయపడొద్దని అన్న."

"అంటే, నాకు గూడా అట్లే చెప్తావు." నవీన్ గొంతు పెంచలేదు. "లోపల ఏదో ఉందనుకో. నీకు కనిపిస్తుంది. నేను భయపడతానని, నవ్వుమొగం పెట్టుకొని బాగుందంటావు. అది నమ్మి నేను ఆఫీసుకు పోతా. అంతే గదా?"

"నేను చూడను నవీన్. గదిలకు గూడ రాను. శివశంకర్ సారే చూస్తడు, సారే చెప్తడు."

"ఆయన నీ సారే గదా."

"వేరే ఆస్పత్రికి పోదాం. నీకు ఎవరి మీద నమ్మకం ఉంటే వాళ్ళ దగ్గరికే పోదాం."

"నమ్మకం," అన్నాడు నవీన్.

"నిజం చెప్తే వస్తనన్నవ్ కదా. చెప్పిన."

"చెప్పినావు. అది విన్నాకనే రాబుద్ధి కావడం లేదు."

తాళంచెవిని బల్ల మీద పెట్టి లేచాడు. తండ్రి గదిలోకి వెళ్ళాడు. తలుపు విసురుగా వేయలేదు. నిద్రపోతున్న మనిషి ఎవరో లోపల ఉన్నట్టు మెల్లగా మూశాడు. గడియ పడింది.

శారదమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వేళ్ళకు అనపతొక్కలు అంటుకుని ఉన్నాయి. కోడలి వైపు చూసింది. మూసిన తలుపు దాకా నడిచింది.

"నవీనా," అంది.

తలుపు మీద చెయ్యి పెట్టింది.

"నవీనా, ఒక మాట చెప్పాలబ్బీ."

ఉమాశ్రీ కుర్చీ అంచు పట్టుకుంది.

"ఏమ్మా?" తలుపు వెనకనుంచి వచ్చిన గొంతు అలిసిపోయి ఉంది. ఐనా తల్లి అనేసరికి మెత్తబడింది.

ఆ మెత్తదనం శారదమ్మ నోరు మూయించింది. తలుపు మీద పెట్టిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, కిందికి జారింది.

"అనపగింజలు పితికినా. పులుసు చేయనా, కూర చేయనా?"

"ఏదైనా సరే."

శారదమ్మ ఉమాశ్రీ పక్కనుంచే వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె కళ్ళలోకి చూడలేదు.

ఉమాశ్రీ ఫోన్ మోగింది. శివశంకర్.

"ఉమా, నేనొచ్చేశానమ్మా. మిషన్ ఆన్ చేసి పెట్టాను. మీరు బయల్దేరారా?"

"ఇంకా లేదు సార్."

"పర్వాలేదు. అంతా బాగానే ఉంది కదా?"

మళ్ళీ ఫోన్ చేస్తానని చెప్పి పెట్టేసింది.

తల్లి చెప్పవలసింది చెప్పలేదు. కొడుకు చేయించుకోవలసిన పరీక్ష చేయించుకోలేదు.